దేహచలనం, ఆలోచన, అర్థం: బొగ్గుగనుల సీమలో ఒక పాత ప్రశ్న

కళ మనిషిని కదిలిస్తుందనడంలో ఎవరికీ సందేహం లేదు. డప్పు మోగితే పాదం లేస్తుంది. శోకగీతం వింటే కన్ను చెమరుస్తుంది. ఈ కదలికకూ ఆలోచనకూ అర్థానికీ గల సంబంధమేమిటన్నదే ప్రశ్న. ఒళ్ళు గగుర్పొడిచింది కనుక విన్నది సత్యమని చెప్పవచ్చునా? లేక దేహచలనం పశుధర్మమని పూర్తిగా తోసిపుచ్చవలసిందేనా? ఇస్లామీయ విజ్ఞాన చరిత్రలో ఈ ప్రశ్నపై ఎంతో సూక్ష్మమైన చర్చ జరిగింది. తెలంగాణ పల్లెల్లోనూ, ఆ పల్లెల శ్రామికులతో ఏర్పడిన రామగుండం, గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణాల్లోనూ ఏటా ముహర్రం రాగానే ఆ ప్రశ్న గ్రంథాలను విడిచి వీధిలోకి వస్తుంది. పీర్ల ముందు డప్పు కొట్టి అసైదుల ఆడేవారిని చూసి ఒకరు భక్తి అంటారు, ఒకరు వినోదమంటారు, మరొకరు బిద్అత్ అంటారు. ఈ మూడు మాటల్లో ఏది సరైనదో నిర్ణయించడానికి ముందు, దేహం కదలడం అంటే ఏమిటో తెలుసుకోవడం అవసరం.

గనిలో స్పర్శజ్ఞానం

భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో అధిక వాటాలు కొనడంతో అది ప్రభుత్వరంగ సంస్థ అయింది. నాటి కరీంనగర్ జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం ప్రాంతంలో 1960ల నుంచి గనులు విస్తరించాయి. 2016 నుంచి ఆ ప్రాంతం పెద్దపల్లి జిల్లాలో ఉంది. చుట్టుపట్ల పల్లెల్లోని వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు, చిన్న రైతులు తట్టా చెమ్మసూ పట్టుకొని బొగ్గుబాయిలోకి దిగారు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు.

బాయిలో మొదట నేర్చుకోవలసిన విద్యలలో ఒకటి కప్పును తట్టి చూడడం. తలపైనున్న రాతి పొరను కర్రతోగాని ఇనుప గడ్డపారతోగాని తడతారు. గట్టిగా ఉన్న రాయి ఖంగుమంటుంది. పైపొర నుంచి విడిపోయిన రాయి బోలుగా, డొల్లగా పలుకుతుంది. రెండో అరచేతిని కప్పుకు ఆనించి తడితే విడిపోయిన పొర అదురు చేతికి తెలుస్తుంది. అలాగే పాతకాలపు భద్రతాదీపాన్ని తగ్గించి పట్టుకుంటే మంటపైన లేతనీలపు టోపీ వంటి వెలుగు కనిపించడం మీథేన్ వాయువు ఉన్నదనడానికి గుర్తు. మంట కుంగిపోతే ప్రాణవాయువు తక్కువైనదని అర్థం.

కొత్తగా చేరిన కార్మికుని చెవికీ ఆ శబ్దం వినిపిస్తుంది. వాని అరచేతికీ ఆ అదురు తగులుతుంది. అయినా వానికి అందులో ఏ అర్థమూ గోచరించదు. అనుభవజ్ఞుడైన మైనింగ్ సర్దారుకు అదే శబ్దం 'ఇక్కడ నిలవవద్దు' అన్న మాటగా వినిపిస్తుంది. ఇంద్రియం ఇద్దరిదీ ఒకటే. తేడా అంతా జ్ఞానంలో ఉన్నది. అయితే ఆ జ్ఞానం ఇంద్రియాన్ని వదిలి వేరే చోట లేదు. కప్పును ముట్టని చేతికి అది పుస్తకం చదివినంత మాత్రాన అబ్బదు.

స్పర్శజ్ఞానమొక్కటే చాలునని కూడా అనరాదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఇపి గనిలో నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో 8ఎ గనిలో కప్పు కూలి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. అనుభవజ్ఞులైన చేతులు ఎన్ని ఉన్నా కొలత, లెక్క, పటం, తనిఖీ వాటికి తోడుగా ఉండవలసిందే. దేహానుభూతి విలువైన సాక్ష్యమే. తీర్పు చెప్పడానికి మాత్రం విచారణ కావాలి.

చూపులో దాగిన ఆలోచన

సర్దారు చేతిలో జరిగే ఈ వ్యవహారాన్ని దాదాపు వెయ్యేండ్ల క్రిందటే ఒక ముస్లిం శాస్త్రవేత్త దృష్టి విషయంలో వివరించాడు. బస్రాలో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ క్రీ.శ. 1040 ప్రాంతంలో మరణించాడు. 'కితాబుల్ మనాజిర్' అన్న గ్రంథంలో ఆయన చూడడమంటే కంటిపై వెలుగు పడడం మాత్రమే కాదని నిరూపించాడు. కంటికి అందినదానిని మనసు లోగడ తెలిసినదానితో పోల్చుతుంది, గుర్తిస్తుంది, ఊహిస్తుంది. ఈ పని ఎంత వేగంగా జరుగుతుందంటే, చేసినవానికే తాను ఆలోచించినట్లు తెలియదు. చదవనేర్చినవాడు పరిచితమైన పదాన్ని చూడగానే అక్షరాలను ఒక్కొక్కటిగా పరీక్షించకుండానే గ్రహిస్తాడన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ.

దీనిని బట్టి దేహానుభూతి వేరు, ఆలోచన వేరు అని మధ్యలో గోడ కట్టడం సరికాదని తేలుతుంది. 'చేయి చెప్పింది' అని సర్దారు అన్నప్పుడు, ఏండ్ల తరబడి సంపాదించిన ఆలోచనే చేతిలో స్థిరపడి మాట్లాడుతున్నది. సౌందర్యం కూడా ఆయన పేర్కొన్న దృశ్యగుణాలలో ఒకటి. వెలుగు, రంగు, కొలత, అమరిక మొదలైనవి ఒకదానికొకటి పొసగినప్పుడు కన్ను వాటిని అందంగా గ్రహిస్తుందన్నాడు. అనగా అందాన్ని చూడడంలోనూ మనసు చేసే ఒక లెక్క దాగి ఉన్నది.

ఆయన సమకాలికుడు ఇబ్ను సీనా (980–1037) కవిత్వాన్ని గురించి చెప్పినది దీనికి తోడుగా గమనించదగినది. కవితావాక్కు ఊహను కదిలిస్తుంది. విన్నది సత్యమా కాదా అని తేల్చుకునేలోపలే మనసు వికసిస్తుంది లేదా ముడుచుకుంటుంది. తర్కవాక్యం అంగీకారాన్ని కోరితే కవితావాక్కు ముందుగా చలనాన్ని పుట్టిస్తుంది. కళలోని శక్తీ ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. అబద్ధం కూడా ఒళ్ళు గగుర్పొడిచేలా చెప్పవచ్చును.

కన్నీరు, హృదయం, నాలుక

ఈ తత్త్వవేత్తలకు ఎంతో ముందే దివ్యఖురాన్ దేహచలనాన్ని గురించి స్పష్టంగా ప్రస్తావించింది. దివ్యవాణిని కళగా లెక్కించడం ఇక్కడి ఉద్దేశం కాదు. వినికిడికీ దేహానికీ గల సంబంధాన్ని అది ఎలా చూపినదో గమనించడమే ఉద్దేశం. అజ్జుమర్ సూరా 23వ ఆయతులో ప్రభువుకు భయపడేవారి చర్మాలు గగుర్పొడుస్తాయనీ, ఆ తరువాత వారి చర్మాలూ హృదయాలూ దైవస్మరణ వైపు మెత్తబడతాయనీ భావం. హృదయంతోపాటు చర్మాన్ని కూడా పేర్కొనడం గమనార్హం. అల్ మాయిదా సూరా 83వ ఆయతులో దైవవాణిని విని కన్నీరు కార్చినవారి ప్రస్తావన ఉన్నది. వారి కన్నీటికి కారణం అక్కడే చెప్పబడింది: వారు సత్యాన్ని గుర్తించారు. కన్నీటి వెనుక ఉన్న ఆ గుర్తింపే దాని విలువను నిర్ణయిస్తున్నది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవితంలోని ఒక సంఘటన ఈ విషయాన్ని మరింత విశదం చేస్తుంది. హిజ్రీ 10వ సంవత్సరంలో ఆయన పసికుమారుడు ఇబ్రాహీం మరణించాడు. ప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్నారు. ఆశ్చర్యపడి అడిగినవారికి అది కారుణ్యమని చెప్పారు. కన్ను కన్నీరు కారుస్తుంది, హృదయం దుఃఖిస్తుంది, నాలుక మాత్రం ప్రభువుకు ఇష్టమైనదే పలుకుతుంది అన్నది సహీహ్ బుఖారీలో నమోదైన ఆ మాటల సారాంశం. ఒక్క దుఃఖంలోనే మూడు అంతరువులు ఇక్కడ వేర్వేరుగా కనిపిస్తున్నాయి. కన్నుకు దాని హక్కు ఇవ్వబడింది, హృదయానికి దాని హక్కు ఇవ్వబడింది, పలికే అర్థానికి మాత్రం హద్దు విధించబడింది.

ఆ పసివాడు మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే చీకటి పడ్డాడని జనం చెప్పుకోసాగారు. ఆర్ద్రమైన ఊహ అది; కవిత్వమని కూడా అనవచ్చు. దుఃఖంలో ఉన్న తండ్రికి ఓదార్పునివ్వగల మాట కూడా. అయినా ప్రవక్త (స) దానిని ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి మరణానికీ ఎవరి పుట్టుకకూ వాటికి గ్రహణం పట్టదనీ ప్రకటించారు. కన్నీటిని నిషేధించలేదు, కన్నీటిపై కట్టిన అసత్యమైన అర్థాన్ని నిషేధించారు. చెంపలు బాదుకోవడాన్నీ దుస్తులు చింపుకోవడాన్నీ వారించిన హదీసులు కూడా ఈ దృష్టితోనే అర్థం చేసుకోదగినవి.

ఇమాం గజాలీ విశ్లేషణ

ఈ అంశాన్ని శాస్త్రీయంగా విడదీసి చూపిన ఘనత ఇమాం గజాలీకి (1058–1111) దక్కుతుంది. 'ఇహ్యా ఉలూముద్దీన్'లో సమా, వజ్ద్‌ల మర్యాదలపై ఆయన ఒక ప్రత్యేక ప్రకరణం వ్రాశారు. సమా అంటే వినికిడి, వజ్ద్ అంటే దానివల్ల హృదయంలో కలిగే స్థితి. వినడం మొదటి మెట్టు. దానివల్ల హృదయంలో ఒక స్థితి కలుగుతుంది. ఆ స్థితి అవయవాలను కదిలిస్తుంది. ఆ కదలిక లయ లేనిదైతే గిలగిలలాడడం, లయ కలిగినదైతే చప్పట్లు, నాట్యం అవుతుందని ఆయన వివరణ. అయితే వినడంలోనే రెండు పనులు ఇమిడి ఉన్నాయి. ఒకటి ఫహ్మ్, అనగా గ్రహించడం. రెండవది తన్జీల్, అనగా విన్నదానిని తన మనసులోని ఏదో ఒక విషయానికి అన్వయించుకోవడం.

ఈ రెండవ పని చాలా ముఖ్యమైనది. ఒకే పాటను నలుగురు వింటారు. మొదటివాడు స్వరానికీ తాళానికీ మాత్రమే ఆనందిస్తాడు. ఈ ఆనందంలో ఒంటె కూడా వానితో సమానమే. రెండవవాడు అర్థాన్ని గ్రహించినా దానిని తన కోరికకు అన్వయించుకుంటాడు. మూడవవాడు ప్రభువుతో తనకున్న సంబంధానికి అన్వయించుకొని తన ఆత్మను పరీక్షించుకుంటాడు. నాల్గవవాడు ఆ స్థితులను కూడా దాటిపోతాడు. పాట ఒక్కటే, తాళమూ ఒక్కటే. దేహాలు నాలుగూ కదులుతున్నాయి. అర్థాలు మాత్రం నాలుగు.

ఒంటె ప్రస్తావన ఊరకే వచ్చినది కాదు. ఎడారిలో ఒంటెలను నడిపించే హుదా పాట శక్తిని తెలిపే ఒక కథను గజాలీ ఉదహరించారు. మధురకంఠం గల ఒక బానిస పాటకు, బరువులు మోస్తున్న ఒంటెలు మూడు దినాల దారిని ఒక్క పెట్టున నడిచాయి. బరువులు దించగానే అవి కూలి చనిపోయాయి. గజాలీ దీనిని స్వరప్రభావానికి నిదర్శనంగా చెప్పారు. బొగ్గుగనుల సీమ పాఠకునికి ఇందులో మరొక పాఠం కూడా కనిపిస్తుంది. పాట ఆ బరువును తగ్గించలేదు, బరువు తెలియకుండా మాత్రమే చేసింది. ఆలోచన లేని లయ దేహాన్ని దాని హద్దు దాటించి నడిపించగలదు. అలసట కూడా దేహం ఇచ్చే ఒక సమాచారమే. దానిని మరపించే కళ ఓదార్పు కావచ్చు, ఒక్కొక్కప్పుడు హాని కూడా కావచ్చు.

శోకగీతాలను గురించి గజాలీ చేసిన విభజన కూడా ఇక్కడ అవసరం. చేజారిపోయినదానిపై, అల్లాహ్ నిర్ణయంపై అసంతృప్తితో ఏడ్వడం నిందనీయం. తన లోపాలపై, తన పాపాలపై ఏడ్వడం ప్రశంసనీయం. కన్నీరు రెండు చోట్లా ఉప్పగానే ఉంటుంది. అది ఏ విషయానికి అన్వయించబడిందన్నదే విచారించదగినది.

అలం నుంచి పీరు వరకు

ఈ తూనికరాళ్ళతో ఇక దక్కను చరిత్రను చూడవచ్చు. హిజ్రీ 61 ముహర్రం 10న (క్రీ.శ. 680) కర్బలా మైదానంలో ఇమాం హుసేన్ (రజి) అమరులయ్యారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఆ సంఘటన స్మరణ దక్కనులో కళారూపాలను సంతరించుకున్నది. 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీలో మర్సియాలు వ్రాశాడు. ఆ దశాబ్దంలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా నిర్మాణం జరిగింది. దాని గోడలపైనున్న రంగుల పెంకుల పనిలో అలంల ఆకృతులు నేటికీ కనిపిస్తాయి. 1908 మూసీ వరదలో కొంత భాగం దెబ్బతిన్నది.

అలం అంటే జెండా, గుర్తు. ఇల్మ్ అన్న మాటకూ దీనికీ మూలధాతువు ఒక్కటే. అనగా అలం దేనినో తెలియజేయడానికి ఉన్నది. చాలా అలంలు అరచేతి ఆకారంలో ఉంటాయి. ఆ చేతిని చూసి కొందరు ప్రవక్త (స) కుటుంబంలోని ఐదుగురిని స్మరిస్తారు, కొందరు కర్బలాలో నీటికోసం వెళ్ళి చేతులు కోల్పోయిన హజ్రత్ అబ్బాస్‌ను తలచుకుంటారు. లోహపు చేయి ఒక కథకు గుర్తు. కథ తెలిసినవానికి అది మాట్లాడుతుంది.

నగరపు ఆషూర్‌ఖానా నుంచి ఈ ఆచారం తెలంగాణ పల్లెల్లోకి వ్యాపించింది. అక్కడ అలం 'పీరు' అయింది. పీర్లకు హసన్, హుసేన్, ఖాసిం, మౌలాలి, బీబీ ఫాతిమా అని పేర్లు వచ్చాయి. పీర్లచావిడి ముందు అలావా గుంట తవ్వి నిప్పు వేయడం, ఊదు పొగ, దట్టీలు కట్టడం, మలీద పంచడం, సవారీ, డప్పు, అలావా చుట్టూ అసైదుల ఆట వాడుకలోకి వచ్చాయి. పీరును ఎత్తేవారిలో, మొక్కేవారిలో హిందువులు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఆట పేరే హసన్, హుసేన్‌ల స్మరణ నుంచి వచ్చినదని చెప్తారు. అయినా ఆడేవారిలో ఆ సంగతి తెలియనివారే ఎక్కువ. కరీంనగర్ పల్లెల నుంచి బొగ్గుబాయికి వచ్చినవారు ఈ లయను తమ దేహాల్లో మోసుకొని వచ్చారు. తెలంగాణలో చావుకు ఒక దరువు, పెండ్లికి ఒక దరువు, పీర్లకు ఒక దరువు ఉన్నది. దూరం నుంచి వినగానే ఏమి జరుగుతున్నదో పల్లెవానికి తెలిసిపోతుంది. ఇది ఇబ్నుల్ హైసమ్ చెప్పిన గుర్తింపే.

అయితే ఈ ప్రయాణంలో ఒక మార్పు జరిగింది. గుర్తు వ్యక్తి అయింది, వ్యక్తి కొందరి దృష్టిలో దేవుడయ్యాడు. కథను చూపిన చేయి వరాలిచ్చే చేయిగా మారింది. లయ నిలిచింది, కథ సన్నగిల్లింది. అన్యాయపు అధికారానికి బైఅత్ చేయడానికి నిరాకరించిన మహనీయుని చరిత్ర చాలాచోట్ల పంట పండాలని, పిల్లలు కలగాలని చేసే మొక్కుగా మిగిలింది.

వివాదం, దాని పరిష్కారం

ఈ ఆచారాలపై అభ్యంతరాలు కొత్తవి కావు. 19వ శతాబ్దపు తొలిభాగంలో ఉత్తర హిందూస్థానంలో సయ్యద్ అహ్మద్ బరేల్వీ, షా ఇస్మాయీల్ షహీద్ తాజియాలను తీవ్రంగా ఖండించారు. షియా విద్వాంసులలో కూడా 1920లలో డెమాస్కస్‌కు చెందిన ముహ్సిన్ అల్ అమీన్, దేహాన్ని గాయపరచుకునే పద్ధతులు కూడదని వ్రాసి పెద్ద చర్చకు కారకుడయ్యాడు. సున్నీలు ఆషూరా నాడు ఉపవాసానికి ప్రాధాన్యమిస్తారు. షియాలు అజాదారీని ధర్మంగా భావిస్తారు. ఈ అభిప్రాయభేదాలను ఒక్క వ్యాసం తేల్చజాలదు.

అయినా ఒక్క విషయం నిశ్చయంగా చెప్పవచ్చు. కదిలే దేహాన్ని చూసి మాత్రమే తీర్పు చెప్పేవారు ఇరువైపులా పొరపడుతున్నారు. ఒళ్ళు ఊగింది కనుక భక్తి అనేవారు ఒంటెను మరచిపోయారు. ఒళ్ళు ఊగింది కనుక భ్రష్టత్వమనేవారు గగుర్పొడిచే చర్మాన్ని ప్రస్తావించిన ఆయతును, ప్రవక్త (స) కన్నీటిని మరచిపోయారు. అడగవలసిన ప్రశ్న ఫహ్మ్, తన్జీల్‌లకు సంబంధించినది: ఆ దరువు విన్నవానికి ఏమి తెలుసు? తెలిసినదానిని దేనికి అన్వయించుకుంటున్నాడు? లోహపు చేతిని వరమడుగుతున్నాడా, లేక తన జీవితంలో తాను ఏ అన్యాయానికి తల వంచాడని తనను తాను ప్రశ్నించుకుంటున్నాడా? మొదటిది తౌహీద్‌కు విరుద్ధం. రెండవది గజాలీ ప్రశంసించిన శోకానికి సమీపం.

ఆచరణలో దీని పర్యవసానం కూడా స్పష్టమే. నిషేధం ఒక్కటే ప్రకటిస్తే డప్పు ఆగవచ్చు, జ్ఞానం మాత్రం పెరగదు. అర్థం తెలియని దేహం మరొక దరువును వెతుక్కుంటుంది. ఊరుకుంటే గుర్తు దేవుడుగా మారే పని సాగుతూనే ఉంటుంది. చేయవలసినది కథను తిరిగి చెప్పడం, అదీ వినేవారి భాషలో. మర్సియా సంపద అధికంగా ఉర్దూలో, పారసీకంలో ఉన్నది. అసైదుల ఆడేవానికీ, వాని ప్రక్కన నిలబడిన తెలుగు ముస్లిం యువకునికీ అది చాలావరకు అందదు. కర్బలా చరిత్రను ప్రామాణికంగా, మంచి తెలుగులో, గనికార్మికుని కుటుంబంలో అందరికీ అర్థమయ్యేలా చెప్పే చిన్న పుస్తకాలు, ప్రసంగాలు, మస్జిదులలో తెలుగు దర్సులు కావాలి.

ఈ పనికి కాలం కూడా అనుకూలంగా లేదు. సింగరేణిలో ఉపరితల గనులు, యంత్రాలు పెరిగి భూగర్భ గనుల పాత్ర తగ్గుతూ వచ్చింది. కప్పును తట్టి చూసిన తరం ఒక్కొక్కరుగా పదవీ విరమణ చేసింది. వారి అరచేతుల విద్య నేర్చుకునేవారు లేకపోతే వారితోనే పోతుంది. పీర్ల దరువులో మిగిలి ఉన్న కొద్దిపాటి జ్ఞాపకం సంగతి కూడా అంతే. ఇప్పటికీ ఆ దరువుకు ముసలివారి కళ్ళు చెమరుస్తాయి. ఎందుకని మనుమడు అడిగినప్పుడు ఇమాం హుసేన్ (రజి) గాథను తెలుగులో సరిగా చెప్పగలవారు ఆ ఇంట్లోనో, ఆ మహల్లా మస్జిదులోనో ఒక్కరైనా ఉండాలి.